ఊరు విడిచినవాని కాగితములు : పంచాయతీ సభ్యుల బాధ్యత



ప్రమాదములలో గాయపడినవారికి, మరణించినవారి కుటుంబములకు లభింపవలసిన నష్టపరిహారమును గూర్చియు, విదేశములకు పోవువారికి చట్టము కల్పించిన రక్షణలను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదిగా నన్ను కోరినారు. పైకి చూచినప్పుడు ఇవి రెండు వేరు విషయములుగా తోచును. మొదటిది మోటారు ప్రమాదముల ట్రిబ్యునలుకు సంబంధించినది. రెండవది పాస్‌పోర్టులకు, వీసాలకు సంబంధించినది. కాని గ్రామములో నుండి చూచినయెడల రెండింటికిని మూలమొక్కటియే. ఒకడు పొట్టకూటికై ఊరు విడిచి పోయినాడు. అక్కడ అతనికి ఆపద కలిగినది. ఇక్కడ అతని యింటివారికి ఏ కార్యాలయమునకు పోవలెనో, ఏ కాగితము చూపవలెనో తెలియదు. అట్టి సమయమున వారు మొట్టమొదట తలుపు తట్టునది వకీలు ఇంటిది కాదు. వార్డు సభ్యుని యింటిది.

మనమిప్పుడు సమావేశమైన మాదాపూరు సంగతియే చూడుడు. సైబర్ టవర్సు భవనమునకు 1998 నవంబరులో ప్రారంభోత్సవము జరుగునాటికి ఇది నగరపు అంచున రాళ్ళగుట్టల నడుమ నున్న ఊరు. ఇప్పుడు ఆకాశమునంటు భవనములు లేచినవి. దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వెలసినది. ఈ భవనములలో గణకయంత్రముల ముందు కూర్చుండువారిలో పలువురు మన గ్రామముల బిడ్డలే. ఈ భవనములకు ఇటుక పేర్చినవారు, సెంట్రింగు కట్టినవారు, రాత్రివేళ కాపలా కాయువారు, ద్విచక్ర వాహనము మీద అన్నపు పొట్లములు చేరవేయువారు, వారిలో గూడ పాలమూరు నుండి, శ్రీకాకుళము నుండి వచ్చినవారు అనేకులు. పని ఇక్కడిది, ఇల్లు అక్కడిది. ప్రమాదము జరిగినప్పుడు ఈ దూరమే కుటుంబమునకు మొదటి శత్రువగుచున్నది.

ఒక సాధారణ సంఘటనను ఉదాహరణముగా తీసికొందము. పని చోట ఒక కూలివాడు మరణించినాడు. గుంపు మేస్త్రీ శవమును ఊరికి చేర్చును. దినకర్మలు కాకముందే కాంట్రాక్టరు మనుషులు వచ్చి పెద్దమనుషులను కూర్చుండబెట్టెదరు. కొంత సొమ్ము చేతిలో పెట్టి, “ఇకమీదట మాకు ఏ హక్కును లేదు” అని వ్రాసిన కాగితము మీద భార్యచేత వ్రేలిముద్ర వేయింతురు. పెద్దమనుషులు మంచి మనసుతోనే ఈ రాజీ కుదుర్తురు. కోర్టుల చుట్టు తిరుగు శ్రమ తప్పినదని సంతోషింతురు. కాని చట్టము ఈ రాజీని మెచ్చుకొనదు. పని వలన కలిగిన మరణమునకు పరిహారమును యజమాని నేరుగా కుటుంబము చేతికి ఇచ్చుట చెల్లదనియు, దానిని నియమితాధికారి వద్ద జమకట్టవలెననియు 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమే విధించినది. తన హక్కును వదలుకొందునని కార్మికుడు వ్రాసి యిచ్చిన ఒడంబడికయు చెల్లదని ఆ చట్టమే చెప్పినది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టమునకు మారుగా సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినను ఈ మూలసూత్రములు నిలిచియే యున్నవి. కనుక మీ సమక్షమున అట్టి రాజీ జరుగుచున్నయెడల, దానికి సాక్షి సంతకము చేయకుడని మొదట మనవి చేయుచున్నాను.

ఈ పరిహారమునకు యజమాని తప్పు నిరూపింపవలసిన పని లేదు. పని చేయుచుండగా, పని కారణముగా ప్రమాదము కలిగినదని చూపిన చాలును. వేతనములో సగమును, మృతుని వయస్సును బట్టి పట్టికలో నున్న గుణకముతో హెచ్చవేసి మొత్తమును నిర్ణయింతురు. ఇంటి నుండి పనికి పోవు దారిలోను, తిరిగి వచ్చు దారిలోను, పనితో సంబంధముండి జరిగిన ప్రమాదములను గూడ క్రొత్త స్మృతి లెక్కలోనికి తెచ్చినది. “వాడు నా మనిషి కాడు, మేస్త్రీ మనిషి” అని అసలు యజమాని తప్పించుకొనుటకు వీలులేదు. అతడు చెల్లించి, పిమ్మట కాంట్రాక్టరు వద్ద రాబట్టుకొనవచ్చును. ఇదిగాక, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదైయున్నయెడల ఆ సహాయము వేరుగా లభించును. పేరు నమోదు చేయించుటలో ఆలస్యము చేయరాదు.

ఇక రోడ్డు ప్రమాదముల విషయము. దీనికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఆధారము. గ్రామస్థులలో ఒక అపోహ కలదు: ప్రమాదము హైదరాబాదులో జరిగినది గనుక దావాయు హైదరాబాదులోనే వేయవలెనని. అది నిజము కాదు. ప్రమాదము జరిగిన చోటగాని, దావా వేయువారు నివసించు చోటగాని, వాహనపు యజమాని నివసించు చోటగాని ట్రిబ్యునలులో దరఖాస్తు చేయవచ్చును. మాదాపూరు రోడ్డు మీద మరణించినవాని తల్లి మహబూబ్‌నగరు కోర్టులోనే న్యాయము కోరవచ్చును. ఈ యొక్క మాట తెలియక రైలు ఛార్జీలకే అలసి దావా మానుకొన్నవారు ఉండకూడదు.

గుద్దిన వాహనమేదో తెలియనప్పుడు గూడ చట్టము చేయి విడువలేదు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న పథకము ప్రకారము మరణమునకు 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50 వేల రూపాయలు లభించును. దీనికి కోర్టుకు పోనక్కరలేదు. ప్రమాదము జరిగిన ప్రాంతపు రెవిన్యూ అధికారికి దరఖాస్తు చేసికొనవలెను. 2025 మే నెల నుండి రోడ్డు ప్రమాదములో గాయపడినవారికి నియమిత ఆసుపత్రులలో 7 దినముల వరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, చేతి సొమ్ము పెట్టకుండ చికిత్స పొందు పథకము గూడ వచ్చినది. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన మంచి మనిషిని పోలీసులుగాని ఆసుపత్రివారుగాని బలవంతముగా సాక్షిని చేయరాదని 2019 సవరణ రక్షణ కల్పించినది. “మనకెందుకు, కేసులో ఇరుక్కొందుము” అను భయమును గ్రామములో పోగొట్టవలసినవారు మీరే.

వాహనమును గుర్తించినప్పుడు రెండు మార్గములు కలవు. తప్పెవరిదను విచారణ లేకుండ మరణమునకు 5 లక్షలు, తీవ్ర గాయమునకు రెండున్నర లక్షలు కోరుట మొదటిది. తప్పును నిరూపించి న్యాయమైన మొత్తమును కోరుట రెండవది. ఇక్కడనే జాగ్రత్త వహింపవలెను. మొదటి మార్గమున భీమా కంపెనీ ఇవ్వజూపిన సొమ్మును స్వీకరించినచో రెండవ మార్గపు దావా రద్దగును. ఆ సంతకమునకు ముందు న్యాయవాదిని సంప్రదింపుడు.

రెండవ మార్గమున సొమ్ము ఎట్లు లెక్కకట్టుదురో చెప్పెదను. సుప్రీం కోర్టు 2009లోను, 2017లోను ఇచ్చిన తీర్పుల వలన ఈ లెక్క దేశమంతటను ఒకే తీరుగా సాగుచున్నది. ఉదాహరణకు, 28 ఏండ్ల తాపీ పనివాడు నెలకు 15 వేల రూపాయలు సంపాదించుచుండెననుకొందము. భార్య, ఇరువురు బిడ్డలు, తల్లి అతనిపై ఆధారపడినారు. ఏడాది సంపాదన 1 లక్ష 80 వేలు. వయస్సు నలువదికి లోపు గనుక భవిష్యత్తులో పెరుగు సంపాదన క్రింద నూటికి 40 చేర్చిన 2 లక్షల 52 వేలగును. ఇందులో అతని సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేసిన 1 లక్ష 89 వేలు మిగులును. ఆ వయస్సునకు గుణకము 17. హెచ్చవేసినచో 32 లక్షల 13 వేల రూపాయలు. అంత్యక్రియలు మున్నగు పద్దులు దీనికి అదనము.

ఇప్పుడు మరియొకటి గమనింపుడు. నెలకు 15 వేలు వచ్చెనని చూపు కాగితమేదియు కుటుంబము వద్ద లేదనుకొందము. న్యాయాధికారి ఉజ్జాయింపుగా నెలకు 10 వేలని నిర్ణయించినచో అదే లెక్క 21 లక్షల 42 వేలకు దిగును. మనిషి అతడే, కష్టము అదే, బిడ్డలు వారే. తేడా 10 లక్షల 71 వేలు. ఒక కూలి చీటీకి, ఒక బ్యాంకు పుస్తకమునకు ఉన్న విలువ ఇది! కూలి చేతికి తీసికొనుటకంటె ఖాతాలో వేయించుకొనుమని మనవారికి చెప్పుటలో గల ప్రయోజనము ఇప్పుడు మీకు బోధపడియుండును.

తొలివారములోనే సేకరింపవలసిన కాగితములు ఏవి? మొదటిది పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు. 2024 జూలై 1 నుండి అమలైన క్రొత్త శిక్షా ప్రక్రియ చట్టము ప్రకారము నేరము ఎక్కడ జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను సమాచారము నమోదు చేయవలెను. నకలు ఉచితముగా ఇయ్యవలెను. రెండవది పంచనామా, శవపరీక్ష నివేదిక. “కోయించుట యెందుకు” అని శవపరీక్షకు ఒప్పుకొననివారు కొందరుందురు. శవపరీక్ష లేనిచో మరణకారణమును నిరూపించుట మిక్కిలి కష్టమగును. మూడవది ఆసుపత్రి చీటీలు, మందుల రసీదులు. నాలుగవది వాహనపు సంఖ్య, భీమా వివరములు. ఐదవది వయస్సును చూపు పత్రము. ఆరవది సంపాదనను చూపు పత్రము. ఏడవది కుటుంబ సభ్యుల ధ్రువపత్రము. మరణ నమోదు 21 దినములలో జరిగినయెడల చిక్కులు తగ్గును. ఇందులో మీ పంచాయతీ కార్యదర్శి తోడ్పడగలడు.

గడువు మాట మరువరాదు. 2019 సవరణ ప్రకారము, 2022 ఏప్రిల్ 1 నుండి, ప్రమాదము జరిగిన ఆరు మాసములలోపల ట్రిబ్యునలులో దరఖాస్తు చేయవలెను. ఈ నిబంధనను సవాలు చేసిన వ్యాజ్యములలో, గడువు దాటినదను కారణముచే దరఖాస్తులను త్రోసివేయవద్దని సుప్రీం కోర్టు 2025 నవంబరులో మధ్యంతరముగా ఆదేశించినది. అయినను మధ్యంతరపు ఆదేశమును నమ్ముకొని కాలము జరుపుట వివేకము కాదు. సంవత్సరీకము పెట్టిన తరువాత చూతమను మాటను కుటుంబములచేత మాన్పింపుడు.

“వకీలును పెట్టుకొను శక్తి పేదవారికెక్కడిది?” అని మీరడుగవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, అంగవైకల్యము గలవారికి ఉచిత న్యాయసహాయము హక్కుగా లభించును. భర్తను కోల్పోయిన స్త్రీ, స్త్రీయైనందుననే దీనికి అర్హురాలు. ఆదాయపు లెక్క ఆమెకు అడ్డురాదు. జిల్లా కోర్టు ఆవరణలో ఈ సంస్థ కార్యాలయముండును. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసినను దారి చూపుదురు. లోక్ అదాలతులో రాజీ కుదిరినచో అది కోర్టు తీర్పుతో సమానము. ఇంటి అరుగు మీది రాజీకి, ఆ రాజీకి గల భేదమిదియే.

ఆసుపత్రి గుమ్మములవద్ద దళారులు తిరుగుచుందురు. “ఒక్క రూపాయి ఇవ్వవద్దు, వచ్చినదానిలో మూడవ వంతు మాది” అందురు. అమెరికా దేశమున గాయపడినవారి వ్యాజ్యములలో న్యాయవాది ఆ విధముగా వాటా తీసికొనుట సాధారణము. మన దేశమున న్యాయవాది దావా ఫలితముమీద ఆధారపడిన రుసుమును గాని, వచ్చిన సొమ్ములో వాటాను గాని కుదుర్చుకొనరాదని బార్ కౌన్సిలు నియమములు శాసించుచున్నవి. నిజాయితీగల న్యాయవాదులు తమ రుసుమును ముందే చెప్పుదురు. వారిని ఆశ్రయింపుడు, దళారిని గుమ్మము దాటనీయకుడు.

ఇక విదేశ వలస. ఇది మనకు క్రొత్త కాదు. 1860లో మద్రాసు రేవునుండి బయలుదేరిన తొలి ఓడ నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరినప్పుడు అందులో తెలుగువారును ఉండిరి. వారిలో పెక్కుమంది చదువలేని ఒప్పందము మీద వ్రేలిముద్ర వేసి పోయినవారే. నూటయరువది యేండ్లు దాటినను, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి, కడప, కోనసీమ ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవువారిలో కొందరు నేటికిని చదువని కాగితముమీదనే సంతకము చేయుచున్నారు. ఓడ పోయి విమానము వచ్చినది గాని ఆ అలవాటు పోలేదు.

1983 నాటి వలస చట్టము ప్రకారము పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మున్నగు నియమిత దేశములకు పనికై పోవునప్పుడు వలస రక్షకాధికారి అనుమతి పొందవలెను. ఆ కార్యాలయము హైదరాబాదులో కలదు. అనుమతి యనగా అడ్డంకి యని తలంపవద్దు. వేతనమెంత, యజమాని యెవరు అను వివరములు ప్రభుత్వపు ‘ఈ-మైగ్రేట్’ వ్యవస్థలో నమోదగుట దీని ఫలము. సందర్శక వీసామీద పనికి పోయినవానికి ఈ నమోదు ఉండదు. జీతము రానప్పుడు చూపుటకు అతని వద్ద ఒప్పందమే ఉండదు.

ఏజెంటు విషయమున మూడు సంగతులు చూడవలెను. అతనికి కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు ఉన్నదా? ఆ సంఖ్య ఈ-మైగ్రేట్‌లో కనబడుచున్నదా? సొమ్మునకు రసీదు ఇచ్చుచున్నాడా? నియమముల ప్రకారము అతడు తీసికొనదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. ఊరూర తిరుగు ఉప ఏజెంటునకు ఈ చట్టములో తావు లేదు. తెలంగాణ ప్రభుత్వము తానే విదేశ ఉద్యోగముల సంస్థనొకదానిని నడుపుచున్నది. దాని పేరు టామ్‌కామ్. మొదట అక్కడ విచారించుట మేలు.

అనుమతితో పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించిన ప్రమాద మరణమునకును, శాశ్వత అంగవైకల్యమునకును 10 లక్షల రూపాయల రక్షణ కలదు. కాని ఆ పత్రము కార్మికునితోబాటు విమానమెక్కి పోవుచున్నది. ఇంట దాని ప్రతి లేనిచో, అట్టి భీమా ఒకటి యున్నదనియే భార్యకు తెలియదు. గల్ఫు దేశములలో 2023 డిసెంబరు 7 తరువాత మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయమును రాష్ట్ర ప్రభుత్వము 2024లో ప్రకటించినది. దానికి కలెక్టరునకు దరఖాస్తు చేయవలెను. మరణ పత్రము, రద్దుచేసిన పాస్‌పోర్టు, వారసుల బ్యాంకు వివరములు కావలెను. అక్కడి యజమాని ఇవ్వవలసిన బకాయిలకై భారత రాయబార కార్యాలయము పేర అధికారపత్రము వ్రాసి యిచ్చు మార్గమున్నది. ముక్కు మొగము తెలియని మధ్యవర్తి పేర మాత్రము వ్రాసి యియ్యకుడు.

గల్ఫు మాట ఇట్లుండ, అమెరికా చదువుల మాటయు చెప్పవలెను. పొలము అమ్మి బిడ్డను పంపు తండ్రులు మీ గ్రామములలోను ఉందురు. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యను విశ్వవిద్యాలయమును 2011 జనవరిలో అక్కడి అధికారులు మూసివేసినప్పుడు వందలకొలది తెలుగు విద్యార్థులు వీధిన పడిరి; కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించినారు. ఆ సంస్థను స్థాపించిన స్త్రీకి 2014లో పదునారేండ్లకు పైగా కారాగారశిక్ష పడినది. 2019 జనవరిలో ఫార్మింగ్టను విశ్వవిద్యాలయము పేర మరియొక ఉదంతము. అది వీసా మోసములను పట్టుటకు అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. తొలివిడతలో నిర్బంధింపబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారే హెచ్చు. తరగతులకు పోనక్కరలేదు, పని చేసికొనవచ్చునని దళారి చెప్పిన మాటను నమ్ముటయే వారికి చేటైనది. నాకు తెలియదనిన అక్కడి అధికారులు వినలేదు. తరగతులు నడువని విద్యాలయమని చెప్పినప్పుడే అనుమానింపవలెను. మాదాపూరులోని కన్సల్టెన్సీ కార్యాలయము అద్దాల మేడలో నున్నంత మాత్రమున దాని మాట వేదవాక్కు కాదు.

ఇంతవరకు చెప్పినదాని సారమొక్కటే. చట్టములు చాలినన్ని ఉన్నవి. అవి ఫలించుటకు కావలసిన కాగితము సకాలమున దొరకుటలేదు. ఆ కాగితము ఆపద వచ్చిన తరువాత పుట్టదు. ఊరు విడుచునాడే సిద్ధము కావలెను. కావున మీ పంచాయతీలో వలసపోవువారికై ఒక పుస్తకము పెట్టుడని నా సూచన. పోవువాని పేరు, వయస్సు, పోవు చోటు, మేస్త్రీ లేక యజమాని పేరు, టెలిఫోను సంఖ్య, కూలి ఎంత, కార్మిక మండలి నమోదు సంఖ్య, విదేశమునకైనచో పాస్‌పోర్టు, ఒప్పందము, భీమా పత్రముల ప్రతులు. ఇన్నియు ఒక సంచిలో వేసి ఇంటి ఆడవారికి అప్పగించి, వాటి జాబితా మాత్రము పుస్తకములో వ్రాయించిన చాలును. ఎవరినిగాని నిర్బంధింపరాదు, ఆ పుస్తకమును పదిమందికి చూపరాదు. అది కార్యదర్శి బీరువాలో భద్రముగా ఉండవలెను.

దీనికి పెద్ద వ్యయమేమియు లేదు. ఒక పుస్తకము, నెలకొక పూట శ్రమ. రాబోవు సమావేశపు చర్చనీయాంశములలో దీనిని చేర్చి, మొదటి పేరును ఆ దినముననే వ్రాయింపుడు. ఇంటి పెద్ద పోయినప్పుడు అతని బిడ్డలు బడి మానవలసివచ్చునా, చదువు సాగింతురా అనునది పెక్కు సందర్భములలో ఈ సంచిలోని నాలుగు కాగితములవలన తేలుచున్నది. ఆ నాలుగు కాగితములను కాపాడు పని మీ చేతులలో నున్నది.